మ్యాజిక్ పోయిన క్లెరిక్: డైస్ వెయ్యకుండా తిరిగి తెచ్చిన ఒక కేసు

ముందు కేసు ఏమిటో చెప్పేస్తాను. ఐదో లెవెల్ క్లెరిక్ (దేవుడిచ్చిన మ్యాజిక్‌తో పనిచేసే పూజారి పాత్ర), లైఫ్ డొమైన్ (వైద్యం ప్రధానమైన శాఖ), కొలిచేది ఇల్మేటర్ అనే దేవుణ్ణి. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ఆడుతూ కథ నడిపే ఆట, ఐదో ఎడిషన్, 2014 రూల్స్. ఒక బందీ విషయంలో చేసిన పనికి ఆ క్లెరిక్ స్పెల్స్ (మంత్రాలు) మొత్తం పోయాయి, ఒక్క క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేసుకోగల చిన్న స్పెల్) తప్ప. చాలా సెషన్లు మ్యాజిక్ లేకుండానే పార్టీతో తిరిగాడు, చివరికి అది తిరిగొచ్చింది. అందుకోసం ఎవరూ డైస్ వెయ్యలేదు, గుడికి బంగారం కట్టలేదు, ఏ గుహలోంచో దివ్యమణి పట్టుకురాలేదు. జరిగిందంతా రోల్‌ప్లేతోనే. కాకపోతే రోల్‌ప్లే అనగానే మనవాళ్ళలో చాలామందికి గొంతు మార్చి డైలాగులు కొట్టడం గుర్తొస్తుంది. ఈ కేసులో క్లెరిక్ ఆడిన అబ్బాయి మా టేబుల్ మీద అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. రాయాలనిపించింది అందుకే.

డీఎమ్‌ని, అంటే కథ నడిపి తీర్పులు చెప్పేవాణ్ణి, నేను. ఆటగాళ్ళు నలుగురు: క్లెరిక్, ఫైటర్ (కత్తి యోధుడు), రోగ్ (తాళాలు తీసే దొంగ పాత్ర), విజర్డ్ (చదువుకున్న మాంత్రిక పాత్ర). హైదరాబాద్‌లో మా ఇంట్లోనే, ఆదివారం భోజనాలయ్యాక కూర్చుంటే చీకటి పడేదాకా ఆడతాం. మాట్లాడుకునేది తెలుగే, రూల్స్ మాటలు మాత్రం ఇంగ్లిష్‌వి, "అన్నా, నాకింకా బోనస్ యాక్షన్ ఉంది" టైపులో. ఫైటర్ ఆడేవాడు మాటకారి, కత్తి దూసేముందు రెండు డైలాగులైనా పడాల్సిందే. విజర్డ్ ఆడే అమ్మాయికి రూల్‌బుక్ కంఠతా వచ్చు, నేను పేజీ తిప్పేలోపే జవాబు చెప్పేస్తుంది. క్లెరిక్ ఆడే అబ్బాయి ఉద్యోగం అకౌంట్స్‌లో, ఆటలోనూ లెక్కలే చూసుకుంటాడు: ఎన్ని స్లాట్లు (రోజుకి ఇన్ని అని ఉండే స్పెల్ వాడకాలు) మిగిలాయి, ఎవరికి ఎన్ని హిట్ పాయింట్లు (ప్రాణబలం) తగ్గాయి. తన క్యారెక్టర్ మాట్లాడాల్సి వస్తే "అతన్ని కూర్చోమని చెప్తాను" అని ఊరుకుంటాడు. అదే అతని యాక్టింగ్.

ఏం జరిగింది

కొత్తవాళ్ళ కోసం అమ్మే స్టార్టర్ సెట్‌లోని కథ అయిపోయింది, అందులోని ఫాండలిన్ అనే ఊరి చుట్టుపక్కలే నేను అల్లిన కథ నడుస్తోంది. ఒక దొంగల ముఠా శివారు పొలాల్లోంచి మనుషుల్ని ఎత్తుకుపోతోంది. ఆ ముఠాలో ఒకడు పార్టీకి చిక్కాడు. శత్రువుల అంకెలుండే మాన్‌స్టర్ మాన్యువల్ పుస్తకంలోని మామూలు బ్యాండిట్, 11 హిట్ పాయింట్లు. జనాన్ని ఎక్కడ దాచారంటే నోరు విప్పడు. ఫైటర్ కొట్టడం మొదలుపెట్టాడు. ఐదో ఎడిషన్‌లో దగ్గరి నుంచి కొట్టిన దెబ్బకి ఎదుటివాడు సున్నాకి పడితే, చంపాలా స్పృహ తప్పించాలా అన్నది కొట్టినవాడి ఇష్టం. ఇతను స్పృహ తప్పించి, క్లెరిక్ వైపు తిరిగి "లేపు" అన్నాడు.

క్లెరిక్ లేపాడు. గాయం మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్, ఫస్ట్ లెవెల్ స్లాట్. 1డీ8 (ఎనిమిది ముఖాల డైస్ ఒకటి) వేసి, విజ్‌డమ్ 18 కాబట్టి 4 కలపాలి, లైఫ్ డొమైన్ కాబట్టి ఫస్ట్ లెవెల్ స్పెల్ మీద ఇంకో 3. డైస్ మీద 1 పడినా 8 పాయింట్లు ఖాయం, అంటే 11 పాయింట్ల మనిషి దాదాపు కొత్తగా లేచి కూర్చుంటాడు. మళ్ళీ ఫైటర్, మళ్ళీ సున్నా, మళ్ళీ "లేపు". ఆ లెవెల్‌లో క్లెరిక్‌కి ఫస్ట్ లెవెల్ స్లాట్లు నాలుగు. మూడోసారి లేపాక మావాడు తన క్యారెక్టర్ అంకెలుండే షీట్ చూసుకుని "ఇంకొకటే మిగిలింది, దాచుకుందామా?" అన్నాడు. రోగ్ ఆడే అబ్బాయి చేతిలో చిప్స్ ప్యాకెట్ పక్కన పెట్టేశాడు. బందీ చెప్పేశాడు. చెప్పింది నిజమే.

చిత్రహింసని వర్ణించకూడదని సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలయ్యేముందు మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడే, అనుకున్నాం. రాన్ ఎడ్వర్డ్స్ తెచ్చిన లైన్స్ అండ్ వెయిల్స్ పద్ధతి మాది: కొన్నిటిని ఆటలోకే రానివ్వం, కొన్ని వస్తే తెర దించేసి ముందుకెళ్ళిపోతాం. ఇది తెర దించే రకం. కాబట్టి ఆ సీన్‌లో రక్తమూ లేదు, అరుపులూ లేవు, అంకెలే. అంకెలు కాబట్టే మూడుసార్లదాకా వెళ్ళిందని నా అనుమానం.

ఇప్పుడు ఇల్మేటర్ సంగతి. మా కథ జరిగే ఫర్గాటెన్ రెల్మ్స్ ప్రపంచంలో ఓర్పుకి దేవుడు, ఏడ్చే దేవుడని పేరు, ఎదుటివాళ్ళ బాధని తన మీద వేసుకునేవాడు. ఆయన గుర్తు మణికట్ల దగ్గర ఎర్రతాడుతో కట్టేసిన రెండు చేతులు. కట్టేసిన చేతుల దేవుడి పేరు చెప్పి, చేతులు కట్టేసినవాణ్ణి, ఇంకో రౌండు దెబ్బలకి తయారు చేసి ఇస్తున్నాడు మా క్లెరిక్. ఏదో ఒక యుద్ధదేవుణ్ణి కొలిచే క్లెరిక్ అయితే ఇది కేసే కాదు.

రూల్స్ ఏమంటాయి

ఆ రోజు ఆటలో నేనేమీ చెయ్యలేదు. డీఎమ్‌లకి ఇక్కడే చెయ్యి దురద పుడుతుంది: పిడుగు పడింది, ఆకాశవాణి పలికింది, నీ స్పెల్స్ పోయాయి! పాత ఎడిషన్లలో అయితే అలా చెయ్యడానికి పుస్తకం అండ ఉండేది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పాలడిన్ (ధర్మయోధుడి పాత్ర) తెలిసి తెలిసి దుర్మార్గం చేస్తే ఆ హోదా అక్కడికక్కడే పోతుంది, ఇక తిరిగి రాదు. మూడో ఎడిషన్‌కి వచ్చేసరికి దేవుడి నియమం ఘోరంగా తప్పిన క్లెరిక్‌కి స్పెల్స్ పోవడం, అటోన్‌మెంట్ అనే ఐదో లెవెల్ స్పెల్ వేయించుకుంటే తిరిగి రావడం, రెండూ రాసిపెట్టారు. 2014 పుస్తకంలో పాలడిన్ శపథం తప్పితే ఏం చెయ్యాలో ఒక పెట్టె కట్టి చెప్పారు, రాత్రంతా జాగారం, ఉపవాసం, తప్పు ఒప్పుకోవడం లాంటివి. క్లెరిక్‌కి మాత్రం అలాంటిదేమీ లేదు. పుస్తకం ప్రకారం మావాడు మర్నాడు పొద్దున లేచి దండం పెట్టుకుంటే నాలుగు స్లాట్లూ నిండిపోతాయి.

పుస్తకంలో లేని శిక్ష వెయ్యాలంటే ఆటగాడు ఒప్పుకోవాలి. ఈ విషయంలో నాది మొండిపట్టు. క్యారెక్టర్‌కి ఆశ్చర్యం కలగొచ్చు కానీ ఆటగాడికి కలగకూడదు, ఎందుకంటే ఆదివారం నాలుగైదు గంటలు కూర్చునేది ఆ మనిషి. వారం మధ్యలో ఫోన్ చేసి, మూడు దారులు చెప్పాను. ఒకటి, ఏమీ జరగనట్టు వదిలేద్దాం. రెండు, స్పెల్స్ పనిచేస్తాయి కానీ ఆ వెలుగు రంగు మారిందనో, చేతులు చల్లగా అయ్యాయనో పైపైన చూపిద్దాం. మూడు, నిజంగానే పోతాయి, ఎప్పుడొస్తాయో నేను చెప్పను.

కాసేపు మాట లేదు. తర్వాత, "మూడోదే అన్నా. కానీ రెండు కండిషన్లు. ఫైట్ వస్తే నేను ఖాళీగా కూర్చోను. ఏడుపు స్పీచ్ ఇమ్మంటే నావల్ల కాదు."

కేసు మొత్తం ఆ రెండు కండిషన్ల మీదే నిలబడింది. మొదటిది లెక్కల సమస్య, తేలికగానే తీరింది. రెండోది మాత్రం నా బుర్ర తినేసింది.

ఖాళీగా కూర్చోకుండా

అతనికి నాలుగు క్యాంట్రిప్‌లు ఉంటే స్పేర్ ద డైయింగ్ ఒక్కటీ వదిలాను. అది చావబోయేవాణ్ణి చావకుండా ఆపుతుంది, అంతే, లేపదు. ఒక్క హిట్ పాయింట్ కూడా ఇవ్వదు. ఈ క్యారెక్టర్‌కి అంతకంటే సరిపోయే మిగులు నాకు తోచలేదు. పోయిన వాటికి బదులు హీలర్ ఫీట్ (మ్యాజిక్ లేని ఒక అదనపు నైపుణ్యం) తాత్కాలికంగా ఇచ్చాను. దానికి హీలర్స్ కిట్ కావాలి, 5 బంగారు నాణేలు, పదిసార్లు వాడుకోవచ్చు. ఒక యాక్షన్ ఖర్చు పెడితే 1డీ6కి 4 కలిపి, గాయపడినవాడి హిట్ డైస్ సంఖ్య (లెవెల్‌కి ఒకటి) కూడా కలిపి అన్ని పాయింట్లు తిరిగొస్తాయి. ఐదో లెవెల్ వాళ్ళకి అది 1డీ6 ప్లస్ 9, అంటే కనీసం 10. తక్కువేం కాదు. కాకపోతే ఒక మనిషికి ఒకసారి వాడితే, వాళ్ళు షార్ట్ రెస్ట్ (గంట విశ్రాంతి) తీసుకునేదాకా మళ్ళీ పనిచెయ్యదు, గాయపడినవాడి పక్కకి వెళ్ళి కూర్చోవాలి కూడా. దూరం నుంచి చెయ్యి ఊపి హీలింగ్ వర్డ్ వేసే రోజులు పోయాయి.

చెయిన్ మెయిల్ కవచం, డాలు అలాగే ఉన్నాయి, ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 18. కాబట్టి గాయపడినవాడి ముందు అడ్డంగా నిలబడటం అతని కొత్త పని అయింది, కొన్ని ఫైట్లలో సగం టర్న్‌లు దెబ్బ తప్పించుకునే డాడ్జ్ యాక్షన్‌కే పోయాయి. రాక్షసుల బలం నేనేమీ తగ్గించలేదు. షార్ట్ రెస్ట్‌కి చోటు దొరికేలా దారులు మాత్రం మార్చాను. అప్పుడే చచ్చినవాణ్ణి బతికించే రివివిఫై స్పెల్ లేదని తెలిశాక పార్టీ నడకే మారిపోయింది. తలుపు కనపడితే తన్ని దూకే ఫైటర్ కూడా తలుపుకి చెవి ఆనించి వినడం మొదలుపెట్టాడు. విజర్డ్ ఒక్కోటి 50 నాణేలు పెట్టి హీలింగ్ పోషన్లు కొనిపెట్టింది, ప్రతిసారీ కొంచెం సణుగుతూ.

పోయిన రోజు సీన్ చిన్నదే. "పొద్దున ప్రార్థనకి కూర్చున్నావు. జవాబు రాలేదు." అంతే అన్నాను. అతను రబ్బరు తీసుకుని షీట్ మీద స్లాట్ల గళ్ళు ఒక్కోటీ చెరిపాడు. పక్కనున్న ముగ్గురూ ఆ చెరపడమే చూస్తున్నారు.

ఫైటర్‌కి కోపమొచ్చింది, "కొట్టింది నేనైతే వీడి స్పెల్స్ పోవడమేంటి?" అని. ఈ ప్రశ్న దగ్గరికి చివర్లో వస్తాను.

విమోచనం ఏంటో చెప్పు

విజర్డ్ ఆడే అమ్మాయి వెంటనే అడిగిన మాట ఇది. మన కథలు విని పెరిగినవాళ్ళకి అలా అడగాలనే తోస్తుంది. మునికి కోపమొస్తే శపిస్తాడు, కాళ్ళ మీద పడితే విమోచనం కూడా ఆయనే చెప్తాడు, ఫలానావాడు వచ్చినప్పుడు, ఫలానాది తాకినప్పుడు అని. శాపం పడినవాళ్ళు ఆ రోజు కోసం కాచుకుని ఉండటమే. లేదంటే కర్ణుడి దారి, సరిగ్గా అవసరమైనప్పుడే మంత్రం గుర్తురాదు, విమోచనం ఊసే ఉండదు. టేబుల్ మీద ఈ రెండూ పనికిరావు. షరతు ముందే చెప్పేస్తే ఆటగాడు అది పూర్తి చేసి రసీదు చూపిస్తాడు, మావాడైతే మరీను. ఎప్పటికీ రాదంటే అతను కొత్త క్యారెక్టర్ తయారు చేసుకుంటాడు, అందులో తప్పూ లేదు.

అందుకని షరతులకి బదులు నా నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకున్నాను. ఎవరూ బలవంతం చెయ్యనప్పుడు ఇతను ఆ బందీ మొహం చూడటానికి వెళ్తాడా? ఇంకొకడి చెయ్యి పైకి లేస్తే, తనకి నష్టమైనా సరే, ఆపుతాడా? బాగుచేసే శక్తి చేతిలో ఉండి కూడా ఎదుటివాడు వద్దంటే ఆగుతాడా? జవాబు ఎలా వచ్చినా కథ నడవాలి, అది నాకు నేను పెట్టుకున్న నియమం. మొదటిదానికి వెళ్ళడు అని వస్తే కథ అటే పోతుంది, మ్యాజిక్ లేని కాంపౌండర్‌గా అతను మిగతా క్యాంపెయిన్ ఆడతాడు, అదీ మంచి కథే.

ఒప్పించానా లేదా అని డైస్‌తో తేల్చే పర్సుయేషన్ రోల్ లేదు, రెలిజియన్ రోల్ లేదు. డైలాగ్‌కి మార్కులు కూడా లేవు. లెక్కలోకి వచ్చేది నిర్ణయం ఒక్కటే, అది కూడా ఏదో ఒకటి వదులుకుంటే తప్ప తీసుకోలేని నిర్ణయం అయితేనే. అతని రెండో కండిషన్‌కి నేను వెతుక్కున్న జవాబు ఇది. మాటలు రానివాడికి కూడా చేతులు ఉంటాయి కదా.

ముందు అందరూ కలిసి, ఊరికి రోజు నడక దూరంలో నేను పెట్టిన ఇల్మేటర్ వైద్యశాలకి వెళ్ళారు. ఫైటర్ ఆలోచన అది, దానం ఇచ్చేసి పాపం కడిగించుకుందామని. అక్కడో ముసలి పూజారిణి, రోగి కాలికి కట్టు కడుతోంది. ఫైటర్ నాణేల సంచి బల్ల మీద పెట్టి విషయమంతా చెప్పాడు. ఆమె సంచి వైపు చూడలేదు. క్లెరిక్ వైపు చూసి "నాయనా, ఆ గిన్నె ఇలా అందుకో" అంది. అతను అందించాడు. "ఎన్నాళ్ళు చెయ్యాలమ్మా?" అనడిగాడు. "నీళ్ళు చల్లారిపోయాయి, మళ్ళీ కాచుకురా." అంతే, ఆమె నుంచి ఇంకేం రాలేదు. క్షమించాననలేదు, క్షమించననీ అనలేదు. పార్టీ రెండు రోజులు అక్కడే ఆగింది, మిగతావాళ్ళు షాపింగ్ చేసుకున్నారు, ఇతను నీళ్ళు కాచాడు. ఎలా కాస్తున్నాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. దీనికి మ్యాజిక్ ఏమీ తిరిగి ఇవ్వలేదు, ఎందుకంటే అతనికి అక్కడ పోయిందేమీ లేదు.

తలుపు బయట పెట్టిన తాడు

ఫాండలిన్ తిరిగొచ్చాక రోగ్‌కి ఊరి లాకప్‌లో పనిపడింది, ఏదో తాళాల గొడవ. అదే లాకప్‌లో ఆ బందీ ఉన్నాడు. నేను గుర్తు చెయ్యలేదు. క్లెరిక్ తనంతట తనే "నేనూ వస్తా, ఆ మనిషి చెయ్యి చూడాలి" అన్నాడు. మొదటి ప్రశ్నకి జవాబు ఆ ఒక్క వాక్యంతోనే వచ్చేసింది, అయితే తర్వాత జరిగింది నేను అనుకున్నది కాదు.

గది తలుపు తెరవగానే బందీ గోడకి అతుక్కుపోయాడని చెప్పాను. ఫైటర్ లేడు అక్కడ, కత్తి లేదు, క్లెరిక్ ఒక్కడే. బందీ చూస్తున్నది మనిషిని కాదు, మెళ్ళో వేలాడుతున్న ఎర్రతాడుని. అతని అనుభవంలో ఆ తాడు వెలిగిన ప్రతిసారీ నొప్పి పోయింది, ఆ వెంటనే దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి. అతనికి భయం వైద్యం అంటేనే.

మావాడు చాలాసేపు డైస్ చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. రోగ్ ఏదో అనబోతే విజర్డ్ ఆపింది. తర్వాత, "గుర్తు మెళ్ళోంచి తీసి బయట నేల మీద పెడతాను. కిట్ మాత్రం పట్టుకుని లోపలికెళ్తాను. దగ్గరికి వెళ్ళను, మధ్యలో కూర్చుంటాను" అన్నాడు. క్లెరిక్‌కి ఆ గుర్తే ఆయుధం, ఆ గుర్తే లైసెన్సు, ఎప్పుడు మ్యాజిక్ వస్తుందా అని ఎదురుచూస్తున్నవాడు దాన్ని తలుపవతల వదిలి లోపలికి పోవడం నా నోట్స్‌లో ఎక్కడా లేదు. బందీ చెయ్యి చాపలేదు. కట్టు గుడ్డా, మందూ అతని ముందుకి జరిపి, ఎలా కట్టుకోవాలో తన చేతికే కట్టి చూపించి, కిట్‌లో ఒక వాడకం కొట్టేసుకుని బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున గైడెన్స్ అనే క్యాంట్రిప్, తాకినవాళ్ళకి పనిలో కొంచెం సాయపడేది, తిరిగిచ్చాను. అదే ఎందుకంటే, ఆ క్యాంట్రిప్ ఒప్పుకున్న మనిషి మీదే పనిచేస్తుంది, రూల్‌లోనే ఉంది ఆ షరతు. క్యూర్ వూండ్స్‌కి లేదు, ఎవర్ని తాకితే వాళ్ళకి నయమైపోతుంది, ఇష్టమున్నా లేకున్నా. ఈ తేడా విజర్డ్ ఆడే అమ్మాయి పట్టేసింది, నా వైపు చూసి తలూపి ఊరుకుంది. మిగతావాళ్ళకి చెప్పలేదు, అందుకు ఆమెకి నేను రుణపడి ఉంటాను.

రెండో బందీ

ఇది కొంచెం మొరటు ఎత్తుగడే, ఒప్పుకుంటాను, కానీ ఇలాంటి కథలో అదే పరీక్ష రెండోసారి రాకపోతే ఆటగాళ్ళే నిరాశ పడతారు. ముఠాలో ఇంకొకడు దొరికాడు. ఎత్తుకుపోయినవాళ్ళని తెల్లారేలోపు వేరేచోటికి తరలిస్తారని వాడి దగ్గర కాగితం దొరికింది. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ఆట నుంచి అరువు తెచ్చుకున్న క్లాక్ ఒకటి, ఆరు ముక్కలది, కాగితం మీద గీసి అందరికీ కనపడేలా టేబుల్ మధ్యలో పెట్టాను. టైమ్ వృథా అయిన ప్రతిసారీ ఒక ముక్క నింపుతాను, నిండితే తరలింపు మొదలైపోయినట్టు. అప్పటికి మూడు నిండాయి.

ఫైటర్ చొక్కా చేతులు మడిచాడు, నిజంగానే, ఆటలో కాదు. మేము మినియేచర్ల బదులు క్యారమ్ కాయిన్లు వాడతాం. క్లెరిక్‌ది ఎర్ర కాయిన్. మావాడు ఏమీ అనకుండా ఒక వేలితో ఆ ఎర్ర కాయిన్‌ని నెట్టి ఫైటర్‌కీ బందీకీ మధ్యలో పెట్టాడు.

"తప్పుకో."

"తప్పుకోను."

"రేయ్, అక్కడ జనం చస్తార్రా."

"ఆ లెక్క నా పేరు మీద రాసుకో."

మా లెక్కల మనిషి నేరుగా క్యారెక్టర్ నోటితో మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. ఫైటర్‌కి కూడా జవాబు దొరకలేదు, కాయిన్ వెనక్కి లాక్కున్నాడు.

ఇక్కడ డీఎమ్ చెయ్యకూడని పని ఒకటుంది. మంచివాళ్ళయ్యారు కాబట్టి బందీ కరిగిపోయి నిజం చెప్పేశాడు అనకూడదు. అలా అంటే మంచితనం ఇంకో పాస్‌వర్డ్ అయిపోతుంది, వదులుకున్నది సున్నా. వాడితో బేరమాడటానికి చాలా టైమ్ పట్టింది, నేను రెండు ముక్కలు నింపాను. దారిలో ఒక ఫైట్, ఇంకోటి నిండింది. వాళ్ళు చేరేసరికి ఎనిమిది మందిలో ఐదుగురే ఉన్నారు, ముగ్గుర్ని అప్పటికే తీసుకుపోయారు. ఆ ముగ్గురిలో ఒకామె భర్త పార్టీ వెంటే వచ్చాడు. అతనికి విషయం చెప్పింది క్లెరికే. "ఆలస్యం నావల్ల అయింది అని చెప్తాను" అన్నాడు, మళ్ళీ ఏం చేస్తాడో చెప్పే తన పాత పద్ధతికి వెళ్ళిపోయి. చాలు.

ఆ తెల్లవారి ఫస్ట్ లెవెల్ స్లాట్లు నాలుగూ వచ్చాయి. బోలెడన్ని గాయాలున్న పూట కాబట్టి ఒక గంటలో అన్నీ అయిపోయాయి, అతను పెన్సిల్‌తో గీసుకున్న గళ్ళు మళ్ళీ కొట్టేసుకోవడం చూస్తే ముచ్చటేసింది. చూసి తీరాల్సింది ఫైటర్‌ని. అతనికి వైద్యం చేసేముందు క్లెరిక్ "చెయ్యనా?" అని అడిగాడు. "అడుగుతావేంట్రా, చెయ్యి" అన్నాడు ఫైటర్. అప్పటినుంచి ఇప్పటిదాకా ప్రతి క్యూర్ వూండ్స్‌కీ ముందు ఆ ప్రశ్న ఉంటుంది, నేను పెట్టిన రూల్ కాదు.

వద్దన్నవాడు

మూడో ప్రశ్న మళ్ళీ మొదటి బందీ దగ్గరే తేలింది. లాకప్‌లో అతనికి చెయ్యి వాచి జ్వరం వచ్చింది. క్లెరిక్‌కి కబురు వెళ్ళింది. ఈసారి అతని దగ్గర స్లాట్లు ఉన్నాయి. గుర్తు తీసి బయట పెట్టే లోపలికెళ్ళి అడిగాడు, వైద్యం చెయ్యనా అని. బందీ "వద్దు" అన్నాడు. ఇంకోసారి అడిగితే మొహం తిప్పుకున్నాడు.

అతను నా వైపు తిరిగి, "అన్నా, క్యూర్ వూండ్స్‌కి వీడి ఒప్పుకోలు కావాలా?"

"రూల్ ప్రకారం అక్కర్లేదు."

"చచ్చిపోతాడా?"

"పోవచ్చు. రోజుకో కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒళ్ళు తట్టుకుంటుందో లేదో తేల్చే డైస్) వేస్తాను, అందరి ముందే వేస్తాను."

టేబుల్ రెండుగా చీలింది. వాడి మంచికే కదా, చేసెయ్యి అని ఫైటర్, రోగ్. ఒప్పుకోనివాణ్ణి తాకడమే కదా మొదటిసారి జరిగింది అని విజర్డ్. నిజానికి రెండు వైపులా న్యాయం ఉంది, జ్వరంలో ఉన్నవాడి మాటని ఎంతవరకు పట్టించుకోవాలి అన్నది ఏ డాక్టర్‌నైనా తికమక పెట్టే విషయమే, నేను ఏ జవాబునీ తప్పని అనుకుని కూర్చోలేదు. అతను స్పెల్ వేసి ఉంటే అందుకు నేనేం చేసేవాణ్ణో కూడా రాసుకున్నాను: బందీ బతుకుతాడు, మిగిలిన మ్యాజిక్ ఇంకొంతకాలం రాదు, ఎందుకో క్లెరిక్‌కి తెలియదు.

అతను వెయ్యలేదు. "నీళ్ళు అందేచోట పెడతాను. వరండాలో పడుకుంటాను. పిలిస్తే వస్తాను" అన్నాడు. మొదటి రాత్రి సేవ్ ఫెయిల్ అయింది, డైస్ మీద 4. తెల్లారి మిగతా మ్యాజిక్ మొత్తం ఇచ్చేశాను, పై లెవెల్ స్లాట్లు, చానల్ డివినిటీ అనే దైవశక్తి, అన్నీ. బందీ బతుకుతాడో లేదో ఇంకా తేలలేదు అప్పటికి. ఫలితం వచ్చాక ఇస్తే అది బహుమానం అవుతుంది, లేదా ఓదార్పు అవుతుంది, నాకు రెండూ వద్దు. రెండో రాత్రి సేవ్ 13తో పాసయింది. మూడో రోజు బందీ పిలిచాడు, నీళ్ళయిపోయాయని. అంతే. క్షమించలేదు, ఇప్పటికీ క్షమించలేదు. క్షమాపణ అతని సొత్తు, దాన్ని క్లెరిక్ స్పెల్స్‌కి తాళంచెవిలా వాడితే ఆ మనిషిని రెండోసారి వాడుకున్నట్టే అవుతుంది కదా.

ఆటగాడు ఎలా తీసుకున్నాడంటే, షీట్ కొత్తది దించుకుని అన్నీ నీటుగా రాసుకొచ్చాడు. హీలర్ ఫీట్ వెనక్కి తీసుకోబోతే, తర్వాతి ఫీట్ అదే తీసుకుంటానన్నాడు. ఎనిమిదో లెవెల్ దాకా అప్పు కింద ఉంచాను.

ఈ పద్ధతి వేరే క్లాసులకి పనికొస్తుందా అంటే, అన్నిటికీ కాదు. విజర్డ్ స్పెల్‌బుక్ కాలిపోతే అది నైతిక సమస్యే కాదు, ఆ రోజు సిద్ధం చేసుకున్న స్పెల్స్‌ని లెవెల్‌కి గంట, 10 నాణేల చొప్పున కొత్త పుస్తకంలో రాసుకోవచ్చని రూలే ఉంది, దాన్ని పశ్చాత్తాపం కథ చెయ్యాలని చూస్తే నవ్వులాటగా ఉంటుంది. ఎవరితోనో ఒప్పందం చేసుకుని మ్యాజిక్ తెచ్చుకునే వార్‌లాక్ అయితే తలకిందులు, అక్కడ మ్యాజిక్ ఇచ్చినవాడే దుర్మార్గుడు కావచ్చు, కాబట్టి తిరిగి తెచ్చుకోవాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది. సార్సరర్‌కి ఒంట్లో పుట్టిన మ్యాజిక్, దాన్ని ఎవరు లాక్కుంటారు, ఎందుకు, అనేది ముందు తేల్చుకోకపోతే కథ నిలబడదు.

ఇక ఫైటర్ అడిగిన ప్రశ్న. కొట్టింది అతను, పోయింది క్లెరిక్‌కి. ఫైటర్ షీట్ మీద చెరపడానికి ఏమీ లేదు: కత్తి అలాగే తెగుతుంది, ఎక్స్‌ట్రా అటాక్ అలాగే ఉంది, ఏ దేవుడికీ అతనితో ఒప్పందం లేదు. ఇది అన్యాయమే, రూల్స్‌తో దీన్ని సరిచెయ్యలేను, కత్తి మొద్దుబారింది అంటే పిల్లల కథలా ఉంటుంది. అతను ఆ ప్రశ్న మర్చిపోలేదు కూడా, పోయినవారం అతనే కదిలించాడు, "నాకేం జరగదా?" అని. వచ్చే సెషన్‌లో ఆ మొదటి బందీ మీద ఊళ్ళో విచారణ ఉంది. సాక్ష్యం చెప్పమని టౌన్‌మాస్టర్ పిలిచింది ఫైటర్‌ని, బందీ ఒప్పుకోలు ఎలా తీసుకున్నారో చెప్పమని. నిజం చెప్తే కేసు వీగిపోతుంది, బందీ బయటికెళ్ళిపోతాడు. ఏం చెప్తాడో నాకు తెలియదు. రెండు డైలాగులు మాత్రం ఖాయం.